ఇద్దరు అచ్చమాంబలు
మునేటి ఒడ్డు చరిత్ర - 11వ భాగం

పోయిన భాగంలో మునగాల పరగణా దగ్గర ఆగాం. నాలుగు పక్కలా నిజాం ఇలాకా, మధ్యలో ఇంగ్లీషువాళ్ల కృష్ణా జిల్లాకు చెందిన నందిగామ తాలూకా ముక్క. ఆ పరగణా దివానుగిరీ చేసిన కొమర్రాజు వారి ఇంట్లోకి ఇప్పుడు అడుగుపెడుతున్నాం. చరిత్ర అనగానే ఆ ఇంట్లో అందరికీ గుర్తొచ్చేది లక్ష్మణరావు పంతులు గారు. ఆయన గురించి చాలామంది చాలా రాశారు, ఇంకా రాస్తారు. ఈ భాగంలో ఆయన కాస్త పక్కకు తప్పుకుంటారు. మనకు కావలసింది ఆయన అక్క, ఆయన కూతురు. ఇద్దరి పేరూ అచ్చమాంబే. ఒకరు చేతిలో మందు లేకుండా రోగుల దగ్గరికి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నారు. రెండోవారు మందు చేతపట్టుకుని వెళ్లడమే కాక, దాన్ని ఎలా వాడాలో మరికొందరి చేతులకు నేర్పారు. జీతం బత్తెం లేని వైద్యసేవ ఈ మెట్టప్రాంతంలో ఎలా నడిచిందో చూడాలంటే ఈ ఇద్దరి మధ్య దూరాన్ని కొలిస్తే చాలు.

కంచికచర్ల నుంచి హైదరాబాదు రోడ్డు పట్టుకుని, కీసర దగ్గర మునేరు దాటి, నందిగామ మీదుగా వెళ్తూ ఉత్తరానికి తిరిగితే మళ్లీ అదే మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలు వస్తుంది. జనానికి ఆ ఊరంటే తిరుపతమ్మ తల్లి. తిరునాళ్లకు ఎడ్లబండ్లు కట్టుకుని వెళ్లిన తరం మా వైపు ఇంకా ఉంది. అమ్మవారి కథలో ఒక ఘట్టం ఈ వ్యాసానికి పనికొస్తుంది. తిరుపతమ్మకు కుష్ఠు సోకిందని గొడ్లపాకలో వేస్తారు. ఇంటివాళ్లు దూరంగా ఉంటే పాపమాంబ అనే ఆవిడ దగ్గరుండి సేవ చేస్తుంది. చరిత్రకారులు దీన్ని రుజువుగా ఒప్పుకోరు, ఒప్పుకోవలసిన పనీ లేదు. కానీ అంటురోగి దగ్గర కూర్చున్న మనిషిని అమ్మవారి కథలోనే నిలబెట్టి తలచుకునే ఊరు అది. భండారు అచ్చమాంబ పుట్టింది ఆ ఊళ్లోనే, 1874లో.

తండ్రి కొమర్రాజు వెంకటప్పయ్య మునగాల దివాను, తల్లి గంగమ్మ. అచ్చమాంబకు ఆరేళ్లప్పుడే తండ్రి పోయారు. అప్పటికి తమ్ముడు లక్ష్మణరావుకు మూడేళ్లు. పదేళ్లకే ఆమెకు మేనమామ భండారు మాధవరావుతో పెళ్లయింది. వయసులో ఆయన చాలా పెద్ద, అది ఆయనకు రెండో పెళ్లి. ఉద్యోగం మధ్యపరగణాల్లో. తమ్ముణ్ణి చదువుకోసం నాగపురం తీసుకెళ్లి తన దగ్గరే పెట్టుకున్నారు. బడికి వెళ్లొచ్చిన తమ్ముడు అక్కకు పాఠం చెప్పడం అక్కడే మొదలైంది. తెలుగు, హిందీ, మరాఠీ ఆమెకు అలా పట్టుబడ్డాయి. తర్వాత బెంగాలీ, గుజరాతీ చదివేటంతగా, సంస్కృతం అర్థం చేసుకునేటంతగా ఎదిగారు. పుట్టిన ఇద్దరు పిల్లలూ చిన్నప్పుడే పోయారు. ఆ తర్వాత అనాథ పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని సాకారు.

సాహిత్యంలో ఆమె స్థానం గురించి ఇప్పుడు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1901లో వచ్చిన ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’, 1902లో ‘హిందూ సుందరి’లో అచ్చయిన ‘ధనత్రయోదశి’ కథ, గురజాడ ‘దిద్దుబాటు’ కంటే అది ఎనిమిదేళ్లు ముందన్న వాదన మన పత్రికల్లో చాలాసార్లు చర్చకు వచ్చాయి. బందరులో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి 1902లో పెట్టిన బృందావన స్త్రీ సమాజం కూడా తెలిసిందే. ఆ తర్వాత ఆంధ్రదేశంలో ఊరూరా తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించారు. కథ ముందా వెనకా అన్న చర్చకు ఇచ్చినంత చోటు ఆమె చావుకు మన సాహిత్య చరిత్రలు ఇవ్వలేదు. చివరి పేరాలో ఒక వాక్యం రాసి ముగించేస్తారు. ఆ వాక్యం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

1896 సెప్టెంబరులో బొంబాయి మాండ్వీ పేటలో డాక్టర్ వీగాస్ ప్లేగును గుర్తుపట్టాడు. చంకల్లో, గజ్జల్లో గడ్డలు, కళ్లు ఎర్రబడిన జ్వరం, నాలుగైదు రోజుల్లో చావు. రైలు ఎంత దూరం పోతే అదీ అంత దూరం పోయింది. 1897 ఫిబ్రవరిలో ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం తెచ్చింది. 2020లో కరోనా వచ్చినప్పుడు మన జిల్లా అధికారులు బయటికి తీసింది ఆ చట్టాన్నే. చట్టం పేరు చెప్పి పూనాలో సోల్జర్లు ఇళ్లలోకి చొరబడి, ఆడవాళ్లని కూడా చూడకుండా చంకలు తడిమి, రోగుల్ని ఈడ్చుకెళ్లారు. ప్లేగు అధికారి ర్యాండ్‌ను ఛాపేకర్ సోదరులు కాల్చింది ఆ ఏడాది జూన్‌లో. వైద్యం ఎంత అవసరమైనా అది బూటుకాళ్లతో ఇంట్లోకి వస్తే జనం రోగిని దాచిపెట్టుకుంటారు. దాచిపెట్టిన ఇంటి నుంచే రోగం పక్కింటికి పోతుంది.

అప్పటికి మందు లేదు. హాఫ్కిన్ తయారుచేసిన టీకా ఉంది. 1897 జనవరి 10న ఆయన దాన్ని ముందు తన ఒంటికే పొడిపించుకున్నాడు. కానీ 1902లో పంజాబు ముల్కోవాల్ గ్రామంలో టీకా వేయించుకున్నవాళ్లు 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. దాంతో టీకా అంటేనే జనం పరుగెత్తే పరిస్థితి వచ్చింది. ఎలుక మీది మిన్నల్లి వల్ల రోగం వస్తుందని 1898లోనే కరాచీలో సైమండ్ చెప్పాడు. పెద్దలు నమ్మలేదు. నమ్మడానికి కావలసిన పరీక్షలు బొంబాయి పరేల్‌లో ప్లేగు కమిషన్ మొదలుపెట్టింది 1905లో. అంటే 1904లో దేశం మొత్తం మీద పది లక్షల పైచిలుకు జనం ప్లేగుతో పోయిన ఏడాదిలో, రోగి పక్కన కూర్చున్న మనిషికి తనను చంపేది ఏదో ఇంకా తేలలేదు. రోగి ఊపిరా, బట్టలా, ఇంటి నేలా అని ఊహించడమే. చచ్చిన ఎలుకను చీపురుతో ఊడ్చి పారేసిన చెయ్యి, తడిగుడ్డ వేసిన చెయ్యి ఒకటే.

అలాంటప్పుడు సేవ అంటే ఏమిటి? దాహానికి నీళ్లు, గంజి, నుదుటికి తడిగుడ్డ, మలమూత్రాలు ఎత్తడం, పోయినవాళ్లకు నలుగురిని పోగుచెయ్యడం, దిక్కులేని పిల్లల్ని పట్టుకురావడం. ఇంతకు మించి చెయ్యగలిగింది డాక్టర్లకే లేదు. పూనా శివార్లలో కొడుకు యశ్వంత్ నడిపిన చికిత్సాలయానికి ఒక రోగిష్టి పిల్లవాణ్ణి వీపున మోసుకెళ్లి, ఆ రోగమే అంటుకుని 1897 మార్చి 10న సావిత్రీబాయి ఫూలే పోయారు. ఎనిమిదేళ్ల తర్వాత మధ్యపరగణాల బిలాస్‌పూర్‌లో భండారు అచ్చమాంబ అదే పని చేస్తూ, అదే రోగంతో, 1905 జనవరి 18న పోయారు. వయసు ముప్ఫై. ‘రత్నమాల’లో చేర్చాలనుకున్న చరిత్రలు ఇంకా మిగిలే ఉన్నాయి.

సావిత్రీబాయి పేరు ఈ రోజు విశ్వవిద్యాలయానికి ఉంది. మన అచ్చమాంబ పేరు కథకుల సభల్లో వినిపిస్తుంది, ఆసుపత్రిలో వినిపించదు. నా లెక్కలో ఆమె తెలుగు కథకురాలు ఎంతో తెలుగుగడ్డ పంపిన ప్లేగు సేవకురాలు కూడా అంతే. రెండో బిరుదే ఆమె ఖరీదు పెట్టి కొనుక్కున్నది.

ఆమెకు వైద్యం నేర్చుకునే దారి ఉందా అంటే, కాగితం మీద ఉంది. మద్రాసు మెడికల్ కాలేజీ 1875లోనే మేరీ షార్లీబ్‌తో పాటు మరో ముగ్గురు స్త్రీలను చేర్చుకుంది. కల్యాణ్‌కు చెందిన ఆనందీబాయి జోషీ 1886లో అమెరికా పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాల నుంచి పట్టా తెచ్చుకుని, మరుసటేడే క్షయతో పోయారు. రుఖ్మాబాయి లండన్‌లో చదివొచ్చి సూరత్‌లో ప్లేగు రోజుల్లో ఆసుపత్రి వదలకుండా పనిచేశారు. నాగపురంలో మరాఠీ నేర్చిన మనిషికి ఈ పేర్లు చెవిన పడకుండా ఉండవు. కానీ పదేళ్లకు పెళ్లయి, అక్షరాలు తమ్ముడి దగ్గర దిద్దుకున్న ఇల్లాలికి ఆ కాలేజీ గుమ్మం పెనుగంచిప్రోలు నుంచి బిలాస్‌పూర్ కంటే దూరం.

ఇక్కడ కృష్ణ దాటి అవతలి ఒడ్డుకు వెళ్లాలి. ఎందుకంటే మందు మనవైపు రావడం అక్కడి నుంచి మొదలైంది. అది కూడా పరాయి దేశం నుంచి.

డొక్కల కరువు గుంటూరు సీమను ఊడ్చేసి పదేళ్లయ్యాక, 1842 జులై 31న ఫాదర్ హేయర్ గుంటూరు వచ్చాడు. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ లూథరన్ పాదరీ, వచ్చేనాటికి నలభై తొమ్మిదేళ్లు. కలెక్టర్ స్టోక్స్ ఆయనకు ఆసరా ఇచ్చాడు. నాలుగేళ్లలో ఆయనకు ఒక సంగతి అర్థమైంది: బైబిలు వినడానికి రాని జనం జ్వరానికి మాత్రలిస్తే వస్తారు. వెనక్కి వెళ్లినప్పుడు బాల్టిమోర్‌లో వైద్యం చదివి, ఎం.డి. పట్టాతో మళ్లీ ఓడెక్కాడు. పల్నాడులో గురజాల కేంద్రంగా తిరిగాడు. ఎనభై ఏళ్ల వయసుకు దగ్గరపడ్డాక మూడోసారి వచ్చి రాజమండ్రిలో పనిచేసి వెళ్లాడు. ఆయన ఉద్దేశం మతమే. దాన్ని దాచనూ లేదు, మనం దాచవలసిన పనీ లేదు. అయితే యాభై దాటాక వైద్యం నేర్చుకుని తిరిగొచ్చిన మొండితనం మాత్రం మతంతో సంబంధం లేకుండా మెచ్చుకోవలసిందే.

ఆయన వేసిన దారిలో 1883 నవంబరు 29న డాక్టర్ అన్నా సారా కుగ్లర్ గుంటూరులో దిగారు. ఆనందీబాయి చదివిన కళాశాలలోనే, ఆమెకు ఏడేళ్లు ముందు, 1879లో పట్టా పుచ్చుకున్న మనిషి. పిచ్చాసుపత్రిలో ఉద్యోగం చేస్తుండగా గుంటూరు నుంచి పాదరీ రో రాసిన ఉత్తరం అందింది. ఇక్కడి ఆడవాళ్లు మగ డాక్టరు ముందుకు రారు, చస్తారు కానీ రారు, కాబట్టి ఆడ డాక్టరు కావాలని. ఆమె బయలుదేరతానంటే అక్కడి స్త్రీల మిషనరీ సంఘం, వైద్యానికి మా దగ్గర ఏర్పాటు లేదు, ఘోషా స్త్రీలకు పాఠాలు చెప్పడానికైతే రండి అంది. ఆమె సరేనని పంతులమ్మగా వచ్చి, మందుల పెట్టె తెరిచారు. వైద్య మిషనరీగా ఆమెను ఒప్పుకున్నది 1885లో. ఆ ఏడాదే వైస్రాయి భార్య లేడీ డఫరిన్ పేరుమీద స్త్రీల వైద్యానికి నిధి మొదలైంది.

మొదట్లో అగ్రహారం ఇళ్లలో ఆమె తాకితే మైల. రోగిని చూసి వెళ్లాక స్నానాలు. అయినా పిలవడం మానలేదు, ఎందుకంటే పురిట్లో అడ్డం తిరిగిన బిడ్డకు మైల లేదు. 1893లో డిస్పెన్సరీ, 1897లో ఏభై మంచాల ఆసుపత్రి లేచాయి. ఏలూరు జమీందారు భుజంగరావు బహదూర్ గారింట్లో పురుడు క్షేమంగా జరగడంతో ఆయన ఆసుపత్రికి పెద్ద చెయ్యే వేశారు. 1905లో, అంటే మన అచ్చమాంబ పోయిన ఏడాదే, కుగ్లర్‌కు కైసరే హింద్ పతకం వచ్చింది. 1930 జులైలో ఆమె గుంటూరులోనే కన్నుమూసేనాటికి ఆసుపత్రి ఊరికి అలవాటైపోయింది. ఇప్పటికీ అది కుగ్లర్ ఆసుపత్రే.

నలభై ఏడేళ్లు ఒకే ఊళ్లో ఉండిపోవడం చిన్న సంగతి కాదు. కానీ కుగ్లర్ పనిలో నాకు అంతకంటే పెద్దదిగా కనిపించేది 1890లలో ఆమె దగ్గరికి వచ్చి చేరిన నర్సు కేథరిన్ ఫాస్‌తో కలిసి ఇక్కడి అమ్మాయిలకు నర్సు పని నేర్పడం. డాక్టరమ్మ ఒకరు పోతే ఇంకొకరు ఓడ దిగాలి. నర్సమ్మ అయితే తెనాలిలోనో నరసరావుపేటలోనో పుట్టి, అక్కడే పెళ్లాడి, పింఛను పుచ్చుకునేదాకా అక్కడే ఉంటుంది. బయటినుంచి వచ్చి సేవ చేసే డాక్టర్లను తూచవలసిన తక్కెడ అదే. ఎంతమందిని బతికించారన్నది ఒక పళ్లెం. వాళ్లు ఓడెక్కి వెళ్లిపోయిన తర్వాత ఆ పని చెయ్యగలిగిన చేతులు ఎన్ని మిగిలాయన్నది రెండోది. మొదటి పళ్లెం ఫొటోల్లో కనిపిస్తుంది, రెండోది కనిపించదు.

అక్క పోయిన మరుసటేడు, 1906లో, లక్ష్మణరావుకు రెండు సంతానాలు కలిగాయి అనుకోవచ్చు. ఒకటి విజ్ఞాన చంద్రికా మండలి. రెండోది గుంటూరులో పుట్టిన ఆడపిల్ల. ఆ పిల్లకు అక్క పేరే పెట్టుకున్నారు.

మండలి గురించి ఒక్క మాట. దాన్ని మనం చరిత్ర పుస్తకాల మండలిగానే గుర్తు పెట్టుకున్నాం. శాస్త్రాన్ని తెలుగులో చెప్పాలన్నది దాని అసలు పట్టుదల. వైద్య విద్యార్థి ఆచంట లక్ష్మీపతి ఆ మండలికి జీవశాస్త్రంతో పాటు కలరా లాంటి రోగాల మీదా రాశారు. నీళ్లు కాచి తాగండి అన్న మాట తెలుగు అచ్చులో ఇంటింటికీ చేరడం కూడా వైద్యమే. ఆ లక్ష్మీపతి గారి భార్య రుక్మిణీ లక్ష్మీపతి 1946లో ప్రకాశం మంత్రివర్గంలో మద్రాసు రాష్ట్రానికి ఆరోగ్య మంత్రి అయ్యారు. ఆ రాష్ట్రంలో మంత్రి పదవి పొందిన మొదటి స్త్రీ ఆవిడే. ఇదంతా ఒకే బృందం, ఒకే తరం.

కొమర్రాజు అచ్చమాంబ మద్రాసులో, కాకినాడలో చదివి, మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. మేనత్తకు మూసుకున్న గుమ్మం మేనకోడలికి తెరుచుకోవడానికి ఒక తరం పట్టింది. తండ్రి 1923లోనే పోయారు కనుక డాక్టరైన కూతుర్ని చూడలేదు. ఆమె కమ్యూనిస్టు ఉద్యమంలోకి వచ్చారు, ప్లీడరు వెంకట్రామశాస్త్రిని పెళ్లాడారు, బెజవాడలో ఆసుపత్రి పెట్టారు. పేదవాళ్ల దగ్గర ఫీజు అడగని డాక్టరమ్మగా, పురుళ్లకు గట్టి చెయ్యిగా పేరు వచ్చింది. నందిగామ, జగ్గయ్యపేట, మైలవరం వైపు మెట్టవాళ్లకు పెద్ద డాక్టరు అంటే అప్పట్లో బెజవాడే.

ఆ రోజుల్లో మెట్టపల్లెలో పురుడంటే మంత్రసాని. ఆమెను తక్కువ చేసి మాట్లాడటం మన చదువుకున్నవాళ్లకు అలవాటు. వందల పురుళ్లు పోసిన ఆ చేతికి బిడ్డ తల ఎటుందో కడుపు తడిమితే తెలిసేది. తెలియనిది ఒక్కటే, కంటికి కనిపించని క్రిమి. బొడ్డు కోసే కొడవలిని నీళ్లలో మరగబెట్టాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పుట్టిన వారానికి బిడ్డ దవడ బిగుసుకుంటే గాలి సోకిందనుకున్నారు. పురిటి గది కిటికీలు మూసి, తల్లికి రోజుల తరబడి నీళ్లివ్వక, కాయం పెట్టి పథ్యం చేయించారు. జ్వరం వచ్చిన బాలింతను చూసి దిష్టి అన్నారు. ఇవన్నీ చెడ్డతనం వల్ల జరగలేదు, చెప్పేవాళ్లు లేక జరిగాయి.

డాక్టర్ అచ్చమాంబ రెండు పనులు చేశారు. తెలుగులో ‘ప్రసూతి - శిశుపోషణ’ పుస్తకం రాశారు. చదువుకున్న ఆడవాళ్లు చదివి, చదువు రానివాళ్లకు చెప్పడానికి. రెండోది, ఆంధ్ర మహిళా సంఘం కార్యకర్తలకు ప్రథమ చికిత్స, పురుడు పోసే పని నేర్పారు. ఉపన్యాసానికి వెళ్లిన ఊళ్లో ఉపన్యాసం విన్నవాళ్లు రాత్రికి మర్చిపోతారు, కానీ కాలిన చేతికి కట్టు కట్టినావిడను మర్చిపోరు. ఉద్యమం ఈ కిటుకును హేయర్ దొర కనిపెట్టిన నూరేళ్లకు తనంతట తాను కనిపెట్టింది. ఇద్దరూ ఈ పోలిక ఒప్పుకోరు. ఒకరిది క్రీస్తు, ఇంకొకరిది మార్క్సు. పల్లెటూరి పురిటి గది మాత్రం ఇద్దరికీ ఒకే రకంగా తలుపు తీసింది.

నేర్పిన పని ఎంత దూరం పోయిందో తెలంగాణ సాయుధ పోరాటం చూపించింది. జగ్గయ్యపేట దాటితే కోదాడ, అవతల మునగాల, సూర్యాపేట. సరిహద్దు మన పొలం గట్టంత దగ్గర. అడవిలో ఉన్న దళాలకు డాక్టరు రాడు. జ్వరానికి క్వినైను, గాయానికి అయోడిన్, నోట్లో పెట్టుకోవడానికి ధైర్యం, అంతే. దళాల్లో కొద్దిపాటి శిక్షణతో వైద్యం చేసిన స్త్రీలు ఉన్నారు. వారిలో ఒకరు రేగళ్ల అచ్చమాంబ. మూడో అచ్చమాంబ అన్నమాట. ఆమె కథ ఆమె నోటితోనే 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో ఉంది. ఆ పుస్తకం దొరికితే చదవండి, నా వ్యాసం ఆపేసి అయినా చదవండి. సూది ఎక్కించిన చేతికి పార్టీలో దక్కిన గౌరవం ఎంత, ఆడదానిగా ఎదురైన నిందలు ఎన్ని అన్నది ఆ స్త్రీలు మొహమాటం లేకుండా చెప్పారు.

1948 సెప్టెంబరులో బెజవాడ నుంచి సైన్యం మా ఊరి మీదుగా పోయే ఈ హైదరాబాదు రోడ్డు మీదే నిజాం మీదికి కదిలింది. ఆ రోజుల్లోనే డాక్టర్ అచ్చమాంబ కమ్యూనిస్టు పార్టీకి దూరమయ్యారు. తర్వాత కాంగ్రెసులో చేరి, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచారు. 1952లో అదే స్థానం హరీంద్రనాథ్ చటోపాధ్యాయది, 1962లో ఇంజినీరు కె.ఎల్. రావుది. కవికీ ఇంజినీరుకూ మధ్య ఒక డాక్టరమ్మ. పార్టీ మారినందుకు పాత సహచరులు ఆమెను క్షమించలేదు, కొత్తవాళ్లు ఆమెను నెత్తిన పెట్టుకోనూ లేదు. రెండు వైపులా చరిత్ర రాసుకున్నవాళ్లు ఆమెను ఒకటి రెండు పేజీలతో సరిపెట్టారు. 1964లో ఆమె పోయారు.

డాక్టర్ అచ్చమాంబ కార్యకర్తలకు వైద్యం నేర్పడం సరైన పనేనా? తెలిసీ తెలియని వైద్యం చేతికిస్తే ప్రమాదం కాదా? ఈ ప్రశ్న ఆ రోజుల్లో దేశం మొత్తం వేసుకుంది. కాంగ్రెసు 1938లో వేసిన జాతీయ ప్రణాళికా సంఘంలో కర్నల్ సోఖీ ఆధ్వర్యంలోని ఉపసంఘం, ప్రతి వెయ్యి మందికి ఒక ఆరోగ్య కార్యకర్తను తయారుచెయ్యాలంది. ఊళ్లో మనిషినే తీసుకుని, శుభ్రత, ప్రథమ చికిత్స, చిన్న రోగాల వైద్యం నేర్పి ఊళ్లోనే ఉంచాలంది. ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ 1946లో ఇచ్చిన నివేదిక ఇంకో దారి పట్టింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు కావాలని గొప్పగా చెప్పింది, అది మంచిదే. కానీ డాక్టరంటే పూర్తి చదువు చదివినవాడే ఉండాలని, లైసెన్షియేట్ చదువులు ఎత్తేయమంది. కాగితం మీద తప్పు పట్టలేం. కానీ ఆ లైసెన్షియేట్ చదువు చదివిన ఎల్.ఎం.పి. డాక్టర్లు పల్లెల్లో ఉండేవాళ్లు, ఎం.బి.బి.ఎస్.లు ఉండలేదు. గుంటూరు మెడికల్ కాలేజీ ఆ 1946లోనే పుట్టింది. అందులో చదివి చందర్లపాడులోనో వత్సవాయిలోనో కాపురం పెట్టినవాళ్లకంటే అమెరికా ఎక్కినవాళ్లు ఎక్కువ.

ఆ ఖాళీని పట్టా లేని పల్లె వైద్యులు, ఆర్.ఎం.పి.లు నింపారు. సైకిలు, తోలుసంచి, స్టీలు డబ్బాలో మరగబెట్టిన సిరంజి. మా తరం వాళ్లం అందరం ఆ సూది తిన్నవాళ్లమే. వాళ్లను దొంగ డాక్టర్లనడం ఒక పద్ధతి. పిలిచి నేర్పడం ఇంకో పద్ధతి. నెల్లూరులో కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారి తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి ప్రజావైద్యశాలలో రెండో పద్ధతి పట్టుకున్నారు. పల్లెల నుంచి కుర్రాళ్లను పిలిపించి, ఆసుపత్రిలో పెట్టుకుని పని నేర్పి, ఎక్కడ ఆగాలో, ఏ రోగిని వెంటనే పెద్దాసుపత్రికి పంపాలో చెప్పి పంపారు. ఎక్కడ ఆగాలో నేర్పడమే ఆ శిక్షణలో గట్టి భాగం. ఇప్పుడు ఊళ్లో సూది వెయ్యడానికి చెయ్యి చాపే ప్రతివాడికీ ఆ పాఠం లేదు, యాంటీబయాటిక్‌కు మాత్రం కొదవ లేదు. ఈ విషయంలో నేను భోర్ పక్షమూ కాదు, ఆర్.ఎం.పి.ల పక్షమూ కాదు, సోఖీ పక్షం.

అమెరికా ఎక్కినవాళ్లలో ఎవరూ వెనక్కి చూడలేదని అనడం అన్యాయం. కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టి న్యూయార్క్‌లో రేడియాలజీ ప్రొఫెసరైన కాకర్ల సుబ్బారావు, ఉత్తర అమెరికా తెలుగు సంఘం ‘తానా’కు మొదటి అధ్యక్షుడు, ఎన్టీఆర్ పిలుపు మీద 1980లలో తిరిగొచ్చి హైదరాబాదులో నిమ్స్‌ను నిలబెట్టారు. గుంటూరు పెద్దాసుపత్రిలో పొదిల ప్రసాద్ పేరున్న బ్లాకు ప్రవాస వైద్యుల విరాళాలతో లేచింది. 2022లో డాక్టర్ గవిని ఉమ తన ఆస్తిని అక్కడి మాతాశిశు విభాగానికి రాసిచ్చారు. వీటితోపాటు రెండు రోజుల మెగా వైద్య శిబిరాలు కూడా మన ఊళ్లకు వస్తుంటాయి. ఫ్లెక్సీలు, శాలువాలు, బి.పి. చూసి నెలకు సరిపడా మాత్రలు. రెండో నెల మాత్రలు ఎవరిస్తారని అడిగితే నిర్వాహకులకు కోపం వస్తుంది. కోపం వచ్చినా అడగాల్సిందే.

విజయవాడ పక్కన చోడవరంలో పుట్టిన గుళ్లపల్లి నాగేశ్వరరావు గుంటూరులో వైద్యం చదివి, అమెరికా రోచెస్టర్ నుంచి తిరిగొచ్చి, నిర్మాత ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన కోటి రూపాయలు, అయిదెకరాల స్థలంతో 1987లో హైదరాబాదులో కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. ఆ సంస్థ పల్లె కుర్రాళ్లకు, ఆడపిల్లలకు ఏడాది శిక్షణ ఇచ్చి విజన్ టెక్నీషియన్లను చేసి, వాళ్ల ప్రాంతంలోనే కూర్చోబెట్టింది. అద్దాలు అక్కడే, ఆపరేషన్ అయితే పై ఆసుపత్రికి. ఇది సోఖీ లెక్కే, కంటికి వర్తించింది. 2017లో పశ్చిమాఫ్రికాలోని లైబీరియా రాజధాని మన్రోవియాలో, జాన్ ఎఫ్. కెన్నెడీ వైద్య కేంద్రంలో, ఆ దేశ ప్రభుత్వంతో కలిసి ఈ హైదరాబాదు సంస్థే కంటి ఆసుపత్రి తెరిచింది. పద్నాలుగేళ్ల అంతర్యుద్ధం, ఆపైన ఎబోలా తిన్న దేశం అది. అక్కడివాళ్లకు పని నేర్పడం ఆ ఒప్పందంలో భాగం. కుగ్లర్ గుంటూరులో దిగిన నూట ముప్ఫై నాలుగేళ్లకు కృష్ణా జిల్లాలో పుట్టి గుంటూరులో వైద్యం నేర్చిన మనిషి పెట్టిన సంస్థ ఇంకో పేద దేశంలో దిగింది.

మెట్టపల్లెకు తిరిగొద్దాం. 2005లో కేంద్రం గ్రామీణ ఆరోగ్య మిషన్ పెట్టి ఆశ కార్యకర్తల్ని తెచ్చింది. ఎంతమందికి ఒకరంటే, వెయ్యికి ఒకరు. 1938లో మొదలైన ఆలోచన అరవై ఏడేళ్లకు అమలైంది. అమలైన తీరులో మాత్రం పాత రోగం ఒకటి ఉండిపోయింది. ఆమెను ఉద్యోగి అనరు, స్వచ్ఛంద కార్యకర్త అంటారు. జీతం అనరు, పారితోషికం అంటారు. భండారు అచ్చమాంబకు ఇంట్లో జరుగుబాటు ఉంది, డాక్టర్ అచ్చమాంబకు పట్టా ఉంది. అర్ధరాత్రి గర్భిణిని ఆటోలో ఎక్కించుకుని నందిగామ ఆసుపత్రికి పరుగెత్తే ఆశమ్మకు ఈ రెండూ లేవు. ఆమె సేవ స్వచ్ఛందం కాకూడదు, ఉద్యోగం కావాలి.

పాఠకులకు ఒక మనవి. నందిగామ, కంచికచర్ల, జగ్గయ్యపేట, పెనుగంచిప్రోలు ప్రాంతాల్లో మీ ఇళ్లలో మంత్రసానులుగా, నర్సులుగా, మిడ్‌వైఫ్‌లుగా, ఆర్.ఎం.పి.లుగా పనిచేసిన పెద్దలు ఉంటే వాళ్ల దగ్గర కూర్చుని, పని ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఎన్ని ఊళ్లు తిరిగారో రాసుకోండి. పాత సర్టిఫికెట్లు, ఫొటోలు ఉంటే నకళ్లు పత్రిక కార్యాలయానికి పంపండి. వచ్చే భాగంలో జగ్గయ్యపేట సంగతులు చూద్దాం.